మా పెద్దమ్మ నవల అచ్చుకెక్కిన వైనం

నేను రాసిన మొదటి నవల 2025 జనవరి 4న పది అట్టపెట్టెల్లో మా ఇంటి గుమ్మం ముందు దిగింది. వరి పండే ఊరు చేపల చెరువుల ఊరుగా మారుతుంటే, అందులో ఒక రైతు స్త్రీ అరవయ్యేళ్లు ఎలా నెట్టుకొచ్చిందన్నది దాని కథ. మొదటి వాక్యం రాసిన రోజు నుంచి ఆ పెట్టెలు దిగేదాకా మూడేళ్ల ఏడు నెలలు పట్టింది. సొంతంగా నవల అచ్చు వేసుకోవాలనుకునేవాళ్లు నన్ను అడుగుతున్న ప్రశ్నలన్నీ డబ్బు గురించీ గడువుల గురించీ కనుక ఆ లెక్కలన్నీ దాచకుండా చెబుతాను. అయితే నా చేత ఎక్కువ పని చేయించింది అచ్చాఫీసు కాదు, ఆ కథ ఎవరిదో ఆవిడే. అందుకని అసలు మొదలు నుంచీ రాయవలసి వస్తోంది.

2021 సంక్రాంతికి కైకలూరు దగ్గర, కొల్లేటి అంచున ఉన్న మా ఊరు వెళ్లాను. కనుమ నాటి సాయంత్రం పెద్దమ్మతో కలిసి చెరువు గట్టు మీదకు నడిచాను. ఆమె చేతికర్ర ఎత్తి నీళ్ల మధ్యకు చూపిస్తూ, "ఆ మేత సంచులు కట్టిన గడలున్నాయి చూడు, మూడో గడ కాడ మన కళ్లం" అంది. తేలుతున్న తవుడు తప్ప నాకక్కడ ఏమీ కనిపించలేదు. ఆమెకు మాత్రం కుప్ప వేసిన చోటు, ఎద్దులను కట్టేసిన తుమ్మచెట్టు, మినుము చల్లిన మడి అన్నీ వరుసగా కనిపిస్తున్నాయి. సొంతం ఎకరం ఇరవై సెంట్లు, కౌలుకు మరో రెండెకరాలు చేసిన మనిషి ఆవిడ. పక్క కమతం 2008లో చెరువైంది, రెండోవైపుది 2010లో అయింది. రెండు గట్ల నుంచీ ఊట దిగి, మధ్యలో మిగిలిన ఆ ముక్క కోతల నాటికి కూడా ఆరకుండా పోయింది; కోసిన పనలు తడిలోనే పడి మొలకలెత్తేవి. 2011లో ఆ ముక్క కూడా చెరువుకు లీజుకు పోయింది. "మనం అమ్ముకోలేదే అమ్మాయ్, మునిగితే ఇచ్చాం" అని ఆవిడ గట్టు దిగుతూ అన్న మాటతోనే నవల మొదలవుతుందని నాకు ఆ క్షణాన అనిపించింది. చివరికి ఆ మాట 71వ పేజీలోకి వెళ్లింది, అది వేరే సంగతి.

ఫిబ్రవరిలో నాలుగు ఆదివారాలు ఊరు వెళ్లి ఆమె మాటలను ఫోనులో రికార్డు చేశాను. విజయవాడ నుంచి రాను పోను బస్సు ఖర్చు, పళ్లూ అవీ కలిపి మనిషికి నాలుగు వందల లోపే. మార్చిలో ఫోను మొరాయిస్తే బాగుచేసే కుర్రవాడు అంతా చెరిపేసి ఇచ్చాడు. అందులో రెండు ఆదివారాల మాటలు పోయాయి. ఎవరైనా ఇలాంటి పని పెట్టుకుంటే ఆ రోజు రికార్డును ఆ రాత్రే ఇంకో చోట కూడా దాచుకోండి. నేను రెండోసారి అడిగినప్పుడు ఆవిడ అవే సంఘటనలను చెప్పింది గాని, మొదటిసారి మధ్యలో నవ్విన చోట ఈసారి నవ్వలేదు.

కరోనా రెండో విడతకు బడి మూసి ఉండగా జూన్ 9న రాయడం మొదలుపెట్టాను. నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. చేతిరాత అలవాటు కాబట్టి రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్కుల్లోనే రాశాను. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఆరున్నర వరకు రోజుకు పేజీన్నర లెక్కన, మధ్యలో పరీక్షల నెల మానేసి, పదకొండు నెలలకు మొదటి ప్రతి పూర్తయింది. మొదలుపెట్టినప్పుడు మా ఊరు కృష్ణా జిల్లాలో ఉంది, ముగించేసరికి, 2022 ఏప్రిల్‌లో, ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. మారుతున్న ఊరి గురించి రాస్తూ ఉండగా జిల్లా పేరే మారిపోవడం చూసి నాకు నవ్వొచ్చింది. వెనక అట్ట మీద ఏ జిల్లా అని వేయాలో తేల్చుకోలేక చివరికి "కొల్లేటి అంచున ఒక ఊరు" అని మాత్రమే వేశాను.

వేసవి సెలవుల్లో, మే 10 నుంచి 24 దాకా, ఆ నోట్‌బుక్కులు పట్టుకెళ్లి పెద్దమ్మకు చదివి వినిపించాను. ఆమెకు సంతకం మాత్రమే వచ్చు. సాయంత్రం ఆరు దాటాక వాకిట్లో మంచం వేసుకుని ఆమె, ఒకప్పటి ఆమె నాట్ల ముఠాలో మిగిలిన ఇద్దరు ముసలమ్మలు కూర్చునేవారు. మెచ్చుకుంటారనీ, బహుశా కన్నీళ్లు పెట్టుకుంటారనీ ఊహించుకుని వెళ్లాను. దాచుకోవడమెందుకు, నిజంగానే ఆ ఊహతో వెళ్లాను.

రెండో సాయంత్రమే నా పరువు పోయింది. నాట్ల దృశ్యాన్ని నేను చాలా ఇష్టంగా రాసుకున్నాను. వరుసలో వంగిన ఆడవాళ్లు ఒక్కో మొక్కే గుచ్చుతూ, గట్టు నుంచి ముందుకు సాగిపోతూ ఉంటారని ఒక పొడుగాటి వాక్యం ఉంది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. "ముందుకెళ్తే నాటిన మొక్కని తొక్కుకోమటే? ఎనక్కి నడుస్తాం. చేలో దిగిన మొదటి గంటలో తెలిసే సంగతి" అంది ఒకావిడ. రైతుల ఇంట్లో పుట్టి, ప్రతి వేసవీ ఆ ఊళ్లోనే గడిపి, నాట్లు వందసార్లు చూసినదాన్ని. చూశాను గాని కాళ్లు చూడలేదు. ఆ తరువాత వాళ్లకు నా మీద జాలి కలిగిందో ఏమో, తప్పులు వెతకడం ఒక ఆటలాగా మొదలుపెట్టారు.

1972లో స్వర్ణ వడ్లు నాటించాను. ఆ రకం 1980ల్లో గాని పొలాల్లోకి రాలేదని పెద్దమ్మ ఠక్కున చెప్పింది. మా చిన్నక్క పెళ్లి తరువాతనే ఇంట్లో స్వర్ణ అన్నం తిన్నారట, పెళ్లి ఏ సంవత్సరమో నాకు తెలుసు కాబట్టి లెక్క తేలింది. దివిసీమ ఉప్పెన రాత్రి, 1977 నవంబరు 19న, మా ఊళ్లో కూడా గాలికి పాక కప్పు ఎగిరిపోయిందని రాశాను. ఎగరలేదు, ఒక పక్కకు ఒరిగిందంతే, కాని ఆ మరునాటి నుంచి దివి వైపు నుంచి వచ్చే వార్తలకు అన్నం సయించలేదనీ, అది రాయమనీ చెప్పింది. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన 1983ను నేను ఒక్క వాక్యంలో దాటేస్తే, ముగ్గురూ దాని మీద గంటసేపు మాట్లాడారు. కూలికి ఇంత ధాన్యం కొలిచిస్తాం, వస్తే రండి లేకపోతే లేదు అనే మాట ఊళ్లో అప్పటి నుంచే మెత్తబడిందని వాళ్ల అభిప్రాయం.

అన్నిటికన్నా పెద్ద లోపం పరిగె. కోతలైన చేలో రాలిన కంకులను ఆడవాళ్లూ పిల్లలూ ఏరుకోవడాన్ని మా వైపు పరిగె ఏరడం అంటారు. నవలలో కోతలు ఉన్నాయి, కుప్ప నూర్పిళ్లు ఉన్నాయి, తూర్పారబట్టడం కూడా రెండు పేజీలుంది, పరిగె మాత్రం లేదు. పెద్దమ్మ ఈసారి నవ్వలేదు. "ఇంట్లో గాదెలో ధాన్యం మీ పెదనాన్నది. పరిగె గింజలు నావి. వాటికి ఆయన ఏనాడూ లెక్కడగలేదు" అని లోపలికి వెళ్లి ఒక ఇత్తడి బిందె తెచ్చి నా ముందు పెట్టింది. మెడ దగ్గర సొట్టపడి, అడుగున రెండుసార్లు మాట్లు వేయించిన బిందె అది. మూడు కోతల పరిగె గింజలను కొట్లో వేసి కొన్నదట, తన చేత్తో తాను కొనుక్కున్న మొదటి వస్తువట. వరికోత యంత్రం వచ్చాక పరిగె తగ్గిపోయింది. చెరువులొచ్చాక ఇక కోతే లేదు. నేను ఊరి మార్పంతటినీ పొక్లెయిన్లలోనూ లీజు కాగితాల్లోనూ వెతుకుతుంటే, ఆమె దాన్ని ఒక బిందె లెక్కలో చెప్పేసింది. పుస్తకం చదివినవాళ్లు ఇప్పుడు ప్రత్యేకంగా చెప్పే అధ్యాయం అదే. అందులో నా ఊహ చాలా తక్కువ.

కన్నీళ్ల గురించి కూడా చెప్పాలి. మొదటి ప్రతిలో దాదాపు ప్రతి అధ్యాయం చివర నా కథానాయిక ఏడ్చేది. తొమ్మిదో రోజు పెద్దమ్మ విసుక్కుంది. "ఏడవటానికి తీరికెక్కడిదే మాకు? మధ్యలో మేం నవ్వుకోలేదా, పాటలు పాడుకోలేదా, ఒకళ్ల మీద ఒకళ్లం చాడీలు చెప్పుకోలేదా?" చెరువు యజమానిని నేను పక్కా దుర్మార్గుడిగా చేశాను. అదీ ఆమెకు నచ్చలేదు. "మీ పెదనాన్నకి అర్ధరాత్రి ఆయాసమొస్తే కారిచ్చి ఏలూరు పంపించింది ఆయనే. చుట్టూ తవ్వి మన పొలం ముంచిందీ ఆయనే. రెండూ రాయి" అంది. రెండూ రాయడం ఎంత కష్టమో ఆ తరువాత ఎనిమిది నెలలు తెలిసివచ్చింది.

చివరి రోజు రాత్రి మిగతా ఇద్దరూ వెళ్లిపోయాక ఆమె నా చేతిలోని నోట్‌బుక్కు మూయించి, ఒక సంఘటన తీసేయమంది. అది నాకు చెప్పింది తనే, రికార్డులో ఉంది, కథకు వెన్నెముక అని నేను అనుకున్నది అదే. ఆ పదిహేను పేజీల కోసం ఒక గంట వాదించాను. పేర్లు మార్చానన్నాను, ఊరి పేరే వేయనన్నాను. "నీకు చెప్పాను గాని ఊరికి చెప్పలేదమ్మా" అంది. తీసేశాను. రాసేవాళ్లలో నా స్నేహితులు కొందరు ఇది పొరపాటంటారు. వాళ్లతో వాదించే ఓపిక నాకు లేదు.

తిరగరాయడం 2023 ఫిబ్రవరికి పూర్తయింది. మార్చిలో ఒక నవలల పోటీకి పంపాను. మూడు ప్రతులు జిరాక్స్ తీయించి బైండు చేయించడానికి రూ.1,850, కొరియరుకు రూ.240. ఫలితాలు జూలైలో అన్నారు, అక్టోబరులో వచ్చాయి, నా పేరు లేదు. అందింది అన్న ఒక్క జవాబు కూడా ఆ ఏడు నెలల్లో రాలేదు. నవంబరులో ఒక ప్రచురణ సంస్థకు ఇచ్చాను. ఎనిమిది నెలల తరువాత, అదీ నేను నాలుగోసారి ఫోను చేస్తే, "బాగుంది, వేద్దాం, కాకపోతే మూడు వందల ప్రతులు మీరే కొనుక్కోవాలి" అన్నారు. ఆ డబ్బుతో అయిదు వందలు నేనే వేసుకోవచ్చని ఆ రాత్రే కాగితం మీద లెక్క కట్టుకున్నాను.

2024 ఆగస్టు మొదటి వారంలో విజయవాడ సింగ్‌నగర్‌లోని ఒక డీటీపీ సెంటరులో పేజీకి ముప్పై రూపాయల చొప్పున టైపింగుకు కుదుర్చుకున్నాను. నెలాఖరుకు 96 పేజీలయ్యాయి. సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఆ కుర్రవాడి ఫోను మూడు రోజులు పలకలేదు. నా నోట్‌బుక్కులన్నీ అతని కొట్లోనే ఉన్నాయి, జిరాక్సు ప్రతి ఒకటి ఇంట్లో ఉంది గాని అందులో తరువాతి దిద్దుబాట్లు లేవు. టీవీలో పడవల మీద మనుషులను దాటిస్తుంటే నేను నోట్‌బుక్కుల గురించి ఆలోచిస్తున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది. నీళ్లు తీసిన తరువాత, పన్నెండో రోజున, వెళ్లాను. కొట్టు గోడల మీద నడుము ఎత్తున బురద గీత. కంప్యూటరు పెట్టె లోపల సిల్టు పేరుకుంది. నా నోట్‌బుక్కులు ఉన్న సంచిని మాత్రం అతను మొదటి రాత్రే అటక మీదకు విసిరాడట. "మేడమ్, పేజీలు మళ్లీ కొడతాను, ఆ డబ్బులు అడగనులెండి" అన్నాడు. అతని ఇంట్లో బియ్యం కూడా తడిసిపోయిన రోజది. రెండుసార్లకూ ఇచ్చాను.

ఈ విషయం పెద్దమ్మకు ఫోనులో చెబితే, "మన కథే కదా, నీళ్లు ఎంటబడక మానతాయా" అంది.

టైపింగు పక్క కొట్టు కంప్యూటరు మీద అక్టోబరు 20కి పూర్తయింది. ప్రూఫులు మూడుసార్లు చూడాల్సి వచ్చింది. పరిగె అధ్యాయం లాంటివి కొన్ని నేను ఫోనులో, ఫోన్లకూ ఇంటర్నెట్టుకూ పనికొచ్చే యూనికోడు అక్షరాల్లో టైపు చేసి ఇచ్చాను. అచ్చు వాళ్లు వాడేది "అను" అనే వేరే రకం ఫాంట్లు. ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి మార్చినప్పుడు పొల్లుతో ఆగవలసిన మాటలు తరువాతి అక్షరాన్ని ఒత్తుగా మింగేశాయి. "పొక్లెయిన్‌తో" అన్న చోటల్లా నకారానికి తావత్తు తగిలింది. నవలలో పొక్లెయిన్ నలభై ఏడుసార్లు వస్తుంది. వృత్తిగా ప్రూఫులు చూసే ఒక పెద్దాయన రెండు విడతలకు రూ.5,000 తీసుకుని, పెద్దమ్మ మాటల్లోని "ఎనక్కి", "కాడ" లాంటివాటిని శ్రద్ధగా "వెనక్కి", "దగ్గర" అని దిద్దిపెట్టారు. వాటిని మళ్లీ వెనక్కి దిద్దడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. మీ పాత్రలు యాసలో మాట్లాడితే ఆ సంగతి ముందే కాగితం మీద రాసివ్వండి.

అక్షరాలన్నీ పేర్చాక 268 పేజీలు తేలాయి. అచ్చు పదహారు పేజీల ఫారాల లెక్కన నడుస్తుంది కనుక 256కు కుదించమని, లేదంటే 272కు పెంచమని ప్రెస్సువారు అడిగారు. ఎక్కడ కోయాలో వెతకనక్కర్లేకుండా పోయింది. ముందుమాట కోసం ఒక పెద్దవారిని అడిగి, మూడు నెలలు ఎదురుచూసి సంపాదించాను. అందులో పదకొండు పేజీలు తమ బాల్యం గురించి, ఒక పేజీ నా నవల గురించి రాశారు. సరిగ్గా పన్నెండు పేజీలు! ఆయనకు ఫోను చేసి విషయం చెప్పేటప్పుడు నా గొంతు వణికిన మాట నిజం. ఆయన మాత్రం, "పోనీలేమ్మా, పత్రికకిస్తాను" అని తేలిగ్గా తీసుకున్నారు. పేరా ఒక్కటి వెనక అట్టకు మిగిలింది.

ముఖచిత్రానికి చిత్రకారుడికి రూ.6,000. మొదట పంపిన బొమ్మలో కొడవలి పట్టిన యువతి వెనక పండి ఉన్నది గోధుమ చేను! కంకి నిటారుగా, మీసాలతో నిలబడి ఉంటే వరి ఎలా అవుతుంది? మా పెద్దమ్మ దగ్గర చదువుకున్నాక ఇలాంటివి నా కంటికి ఆనుతున్నాయి. రెండో బొమ్మ మారు డబ్బు లేకుండానే వేసిచ్చాడు: నీళ్లలో నిలబడిన మేత గడలు, వాటి నీడ పడిన చోట వరి దుబ్బులు.

ఐ.ఎస్.బి.ఎన్., అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యకు రుసుము లేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ సంస్థ వెబ్‌సైటులో రచయిత-ప్రచురణకర్తగా నమోదై, గుర్తింపు కార్డు, పుస్తకం పేరు పేజీ, ముఖచిత్రం ఎక్కించాలి. నేను ముఖచిత్రం ఖాయం కాకముందే మొదలుపెట్టి ఒకసారి తిరిగి పంపించుకున్నాను. మొత్తం 23 రోజులు. మధ్యవర్తులు ఇదే పనికి రెండు మూడు వేలు అడుగుతున్నారు, ఇవ్వకండి. కాపీరైటు నమోదు తప్పనిసరి కాదు. నేను మాత్రం రూ.500 కట్టి చేయించాను, దరఖాస్తుకు డైరీ నంబరు వచ్చాక అభ్యంతరాల కోసం ముప్పై రోజులు ఆగాలి.

అచ్చు: డెమీ సైజు, 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) మ్యాప్‌లితో కాగితం, రంగుల అట్ట, 500 ప్రతులు, ప్రతికి రూ.86 చొప్పున రూ.43,000. వెయ్యి వేయిస్తే ప్రతి రూ.68కే పడుతుందని ఊరించారు. నా మంచం కింద ఎంత చోటుందో నాకు తెలుసు కాబట్టి లొంగలేదు. టైపింగు రూ.7,680 (మునిగిన పేజీలకు ఇచ్చింది ఇందులో కలపలేదు), ప్రూఫులు, ముఖచిత్రం, రవాణా రూ.1,400 కలిపి మొత్తం రూ.63,080. ప్రెస్సు వారు పది రోజులన్నది పద్దెనిమిది రోజులైంది. విజయవాడ పుస్తక మహోత్సవం మొదలయ్యాక పెట్టెలు దిగాయి. మొదటి ప్రతిని తెరిచినప్పుడు ఆనందం పొంగుతుందని అందరూ చెబుతారు. నాకు మాత్రం కడుపులో ఏదో ఖాళీ అయినట్టుండి, వెంటనే 112వ పేజీలో ఒక అచ్చుతప్పు కనబడింది.

మహోత్సవంలో తెలిసినవారి స్టాలులో ఒక మూల పెట్టనిచ్చారు, నలభై శాతం వాళ్లకు. 64 ప్రతులు పోయాయి. ఫిబ్రవరి 9 ఆదివారం ఆవిష్కరణ సభ. హాలు, శాలువాలు, ఉప్మా, కాఫీ, ఊరి నుంచి కారు అన్నీ కలిపి రూ.11,500. ఖర్చుల్లో నేను అసలు ఊహించనిది ఇదే. పెద్దమ్మ వేదిక మీద అరగంట కదలకుండా కూర్చుంది. శాలువా కప్పితే, "ఇంత ఉక్కలో ఇదెందుకమ్మా" అని మడతపెట్టి ఒళ్లో పెట్టుకుంది. వక్తలు ఆమెను శ్రమకూ సహనానికీ ప్రతీక అంటున్నప్పుడు ఆమె నా వైపు చూసిన చూపు, తొమ్మిదో సాయంత్రం విసుక్కున్నప్పటి చూపే.

తపాలా సంగతి ముందే తెలుసుకుని ఉండాల్సింది. పుస్తకాలకు ఇదివరకు ఉన్న చవక రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులోనే ఎత్తేశారు, సరిగ్గా నా పుస్తకం ప్రెస్సులో ఉండగా. దాంతో అప్పట్లో రూ.200 వెల ఉన్న పుస్తకాన్ని పంపడానికి దూరాన్ని బట్టి అరవై, డెబ్బై రూపాయలు అయింది. 1954 నాటి చట్టం ప్రకారం ముప్పై రోజుల్లోగా కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మరో మూడు గ్రంథాలయాలకు తలా ఒక ప్రతి మన ఖర్చుతోనే పంపాలి. పంపాను. కొల్లేటి ఒడ్డున వెనక్కి నడుస్తూ నాట్లు వేసినవాళ్లు కోల్‌కతాలో ఒక అరలో ఉంటారన్నది నాకు ఎందుకో సభ కన్నా ఎక్కువ సంతోషాన్నిచ్చింది.

ఏడాది తిరిగేసరికి అమ్ముడైనవి 231. స్టాళ్ల వాటా, దుకాణాల వాటా పోగా చేతికి వచ్చింది రూ.27,900. సమీక్షలకు, స్నేహితులకు, గ్రంథాలయాలకు ఉచితంగా ఇచ్చినవి 120. ఒక దుకాణం నుంచి ఇంకా లెక్క రాలేదు, అడగడం మానేశాను. మిగిలినవి 149, మంచం కింద.

ఉచితంగా ఇచ్చినవాటిలో పది పెద్దమ్మ తీసుకుంది. వాటిని ఆమె తన పాత ముఠావాళ్ల ఇళ్లలో, చదువుకున్న మనవళ్లు, మనవరాళ్లు ఉన్నవాటికే లెక్క ప్రకారం పంచింది. మొన్న సంక్రాంతికి వెళితే వాళ్లలో ఒకావిడ మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల చేతిలో పుస్తకం, మధ్యలో గుర్తుకు అగరువత్తి పుల్ల. "చదవవే" అంది. పిల్ల 113వ పేజీ చదివింది. నాట్ల కూలి మూడు రూపాయలైందని ఆడవాళ్లు సంబరపడే చోటది. ముసలావిడ వేలు అడ్డంగా ఊపింది. "మూడు ఆ మరుసటేడు. ఆ ఏడు రెండున్నరే. ఆ అర్ధరూపాయి కోసం నాలుగు రోజులు చేలోకి దిగకుండా కూకున్నాం. మూడని రాస్తే ఆ నాలుగు రోజులు ఏమైనట్టు?" పెద్దమ్మ వైపు చూశాను. "అవును, నేనే మరిచిపోయాను" అంది.

అప్పటి నుంచి రాత్రి పూట భోజనాలయ్యాక మంచం కింది ప్రతులను పైకి తీసి, 113వ పేజీలో "మూడు" కొట్టేసి "రెండున్నర" అని పెన్నుతో రాస్తున్నాను. నల్ల సిరా కాగితం వెనక్కి కొద్దిగా దిగుతోంది, అందుకని నీలం బాల్‌పెన్ను వాడుతున్నాను. నిన్నటికి 62 అయ్యాయి.